మేడమీది తరగతి
(శత వార్షికోత్సవముల సందర్భమున జరిగిన తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్లలో మన అధ్యక్ష మండలము కట్టించిన బడులను గూర్చి ఉదయము నుండి చాలమంది మాట్లాడినారు. ఎత్తయిన పునాదులు, వెడల్పాటి వరండాలు, రాతి మెట్లు. ఆ కట్టడములను చూచి మేమును సంతోషించుచున్నాము. అయితే మేము మాట్లాడవలసినది ఆ మెట్లను గూర్చియే.

మా పెద్దమ్మాయికి సెరిబ్రల్ పాల్సీ యున్నది. పసితనముననే మెదడుకు కలిగిన దెబ్బ వలన కాళ్లు బిగుసుకొని యుండును, కుడిచేయి నెమ్మదిగా పనిచేయును. లెక్కలలో మాత్రము మా ఇద్దరికంటె చురుకైనది. చూచినవారందరు "పోలియోనా అమ్మా?" అని అడుగుదురు. మన దేశములో వైల్డ్ పోలియో వైరసు వలన వచ్చిన చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో బయటపడినది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతమును పోలియో లేని ప్రాంతముగా ప్రకటించినది. పోలియో పోయినది గనుక ఇక నడవలేని పిల్లలు బడికి రారని కొందరు పెద్దలు అనుకొనుచున్నారు. వచ్చుచునే యున్నారు. సెరిబ్రల్ పాల్సీ గలవారు, కండరములు క్షీణించు వ్యాధి గలవారు, వెన్నుపాము లోపముతో పుట్టినవారు, రోడ్డు ప్రమాదములలో దెబ్బతిన్నవారు ఉన్నారు. ప్రభుత్వమువారు వికలాంగులనుట మాని దివ్యాంగులని, విభిన్న ప్రతిభావంతులని పేర్లు మార్చినారు. మంచిదే. పేరు మారినంత సులువుగా మెట్టు మారలేదు.

అయిదవ తరగతి వరకు మాకు పెద్ద చిక్కు కలుగలేదు. తరగతులన్నియు క్రిందనే యుండినవి. తల్లి చంకనెత్తుకొని దింపి వచ్చెడిది. ఆరవ తరగతి మేడమీద. అక్కడ అటెండరు గాని, పెద్ద తరగతుల పిల్లలు గాని ఎత్తుకొని ఎక్కించువారు. వారి దయకు మేము కృతజ్ఞులము. అయినను ఈ ఎత్తుకొనిపోవుటను గూర్చి రెండు మాటలు కచ్చితముగా చెప్పవలెను. పదిహేను కిలోల పిల్ల ముప్పది అయిదు కిలోలగును. పన్నెండేండ్లు వచ్చిన ఆడపిల్లకు పరాయి మగవాడు ఎత్తుకొనుట ఎట్లుండునో ఇక్కడనున్న తల్లులకు మేము వివరింపనక్కరలేదు. ఎత్తువారు సెలవు పెట్టిననాడు ఆమెకును సెలవే. ఇంతకంటె బాధాకరమైనది మరియొకటి యున్నది. మరుగుదొడ్డి క్రిందనుండుట వలన, దిగి ఎక్కించుమని పదిమందిని అడుగలేక, మా అమ్మాయి ఉదయము నుండి సాయంత్రము వరకు మంచినీళ్లు త్రాగుట మానివేసినది. సీసా నిండుగానే ఇంటికి తిరిగి వచ్చుచుండెను. డాక్టరుగారు మూత్రమునకు పరీక్షలు వ్రాసిన తరువాతనే సంగతి బయటపడినది. మీ ఇండ్లలో గాని మీ తరగతులలో గాని ఇటువంటి బిడ్డ యున్నయెడల, మొదట ఆ నీళ్ల సీసాను చూడుడని మా మనవి.

మేము హెడ్మాస్టరుగారి యొద్దకు పోయినాము. ఆయన మర్యాదస్థులు. "అమ్మా, మాకేమి అభ్యంతరము లేదు. సౌకర్యములే లేవు" అన్నారు. ఈ మాట మీలో చాలమంది విన్నదే. "ఏ సౌకర్యము లేదు సార్? ఒక్కొక్కటి చెప్పండి" అని మేము కాగితము తీసినాము. తరగతి మేడమీదనున్నది, క్రిందకు మార్చవచ్చునా? బెంచీకి చేతులు లేవు, చేతుల కుర్చీ మేమే తెచ్చుకొనవచ్చునా? మరుగుదొడ్డిలో పట్టుకొనుటకు గోడకు కమ్మీ కావలెను, మేస్త్రీని పిలువవచ్చునా? పట్టి చూడగా లేని సౌకర్యమనునది నాలుగు చిన్న పనులైనది. ఆ సంవత్సరము క్రిందనున్న ఒక తరగతిని మేడమీదికి, మా అమ్మాయి తరగతిని క్రిందికి మార్చినారు. దానికి ఒక రూపాయి ఖర్చు కాలేదు. మోకాళ్ల నొప్పులతో మేడ ఎక్కలేకయున్న ఒక టీచరమ్మగారు మాకంటె ఎక్కువ సంతోషించినారు.

దీనిని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో సహేతుకమైన సర్దుబాటు అన్నారు. సంస్థమీద మోయలేని భారము పడకుండ, ఆ బిడ్డకు అవసరమైన మార్పు చేయుట అని దాని అర్థము. ఆ చట్టము 2017 ఏప్రిలు 19 నుండి అమలులోనున్నది. ప్రభుత్వ సహాయము గాని, గుర్తింపు గాని గల విద్యాసంస్థలలో వివక్ష లేకుండ చేర్చుకొనుట, కట్టడములు అందరికి అందుబాటులో నుంచుట, సర్దుబాట్లు చేయుట, రాకపోకల సౌకర్యము కల్పించుట, ఇవన్నియు జరుగునట్లు ప్రభుత్వము పూనుకొనవలెనని 16వ సెక్షను చెప్పుచున్నది. నూటికి నలువది వంతులు, అంతకు మించి వైకల్యము గల బిడ్డకు ఆరేండ్ల నుండి పదునెనిమిదేండ్ల వరకు దగ్గరి బడిలో గాని, కోరుకొన్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య హక్కని 31వ సెక్షను.

ఇచ్చట మన బడుల కరెస్పాండెంటులకు ఒక మాట. మనవి మైనారిటీ పాఠశాలలు, ఆ చట్టములు మనకు వర్తింపవని కొందరనగా విన్నాము. విద్యాహక్కు చట్టము మైనారిటీ పాఠశాలలకు వర్తింపదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మాట నిజమే. కాని 2016 చట్టములోని 16వ సెక్షనులో అట్టి మినహాయింపు వ్రాయబడలేదు. వ్రాయబడియున్నను, దానిని చూపి ఒక బిడ్డను గేటునుండి పంపివేయుట మన బడులకు తగదని మా అభిప్రాయము.

వేలూరు ఆసుపత్రి డాక్టరు మేరీ వర్గీస్ గారిని మీరెరుగుదురు. 1954లో కారు ప్రమాదములో నడుము క్రింది భాగము చచ్చుబడిన తరువాత, చక్రాల కుర్చీలో కూర్చుండియే ఆమె కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసినారు. 1972లో పద్మశ్రీ పొందినారు. ఆమె ధైర్యమును గూర్చి ప్రసంగములు చాల విన్నాము. ఆమె కుర్చీని ఆపరేషను గదిలోనికి రానిచ్చిన ఆసుపత్రిని గూర్చి ఎవరును చెప్పరు.

ఇక పని సంగతి. నోటిమాటగా అడిగినది హెడ్మాస్టరుగారు బదిలీ కాగానే పోవును. కావున కాగితముమీద వ్రాయుడు. జబ్బు పేరుతోను, మా కష్టములతోను నింపక, ఏమి కావలెనో వ్రాయుడు: "తరగతి గది క్రింది అంతస్తులో నుండవలెను", "మధ్యలో ఒకసారి మరుగుదొడ్డికి పోవుటకు ఆయా సహాయము కావలెను". రెండు ప్రతులు వ్రాసి, రెండవదానిమీద అందినట్లు సంతకము, ముద్ర వేయించుకొనుడు. సదరం పత్రము గాని, యు.డి.ఐ.డి. కార్డు గాని నకలు జతచేయుడు. మండలములోని భవిత కేంద్రపు టీచరుగారిని కలిసినచో వారు బడికి వచ్చి చూచి చెప్పగలరు. అప్పటికిని వినని యెడల రాష్ట్ర వికలాంగుల కమిషనరుగారికి వ్రాయవచ్చును. మాకు అంతవరకు పోవలసిన అవసరము కలుగలేదు.

వ్రాత నెమ్మదియైన పిల్లలకు పరీక్షలలో అదనపు కాలము, కొందరికి వ్రాయసగాడు లభించును. 2018లో కేంద్రమువారు జారీచేసిన మార్గదర్శకములలో గంటకు 20 నిమిషములకు తగ్గకుండ అదనపు కాలమని యున్నది. వైకల్యము నలువది వంతులకు తక్కువైనను, వ్రాయుటకు కష్టపడువారికి వ్రాయసగాని నిరాకరింపరాదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పినది. అయితే పదవ తరగతి పరీక్షల ముందు పరుగెత్తిన లాభము లేదు. ఎనిమిదిలోనే మొదలుపెట్టుడు. ఒకరికి చెప్పి వ్రాయించుట కూడ నేర్చుకొనవలసిన విద్యయే. మా అమ్మాయి మొదటిసారి లెక్క చెప్పుచుండగా, వ్రాయు పిల్లవాడు ఏది పైన వేయవలెనో, ఏది క్రింద వేయవలెనో తెలియక సగము కాలము గడిపినాడు.

వాలుదారి కట్టించు సంఘములకు ఒక లెక్క. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు ఉండవలెను. మన పాత బడులలో పునాది మూడడుగులు, అనగా ముప్పది ఆరడుగుల వాలు. స్థలము చాలదని ఎనిమిదడుగులలో ముగించినచో అది పిల్లలాడుకొను జారుడుబల్ల యగును. అట్టివి రెండు మూడు మేము చూచినాము. ప్రారంభోత్సవపు రాయి మాత్రము నున్నగా నుండెను.

మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదవ తరగతి. కంప్యూటరు గది, సైన్సు గది ఇంకను మేడమీదనే యున్నవి. వారానికి రెండు పీరియడ్లు ఆమె క్రింద ఒంటరిగా కూర్చుండును. దానికి ఉత్తరము ఇచ్చినాము. జవాబు రావలసియున్నది. జూన్‌లో బడులు తెరచునాటికి గదుల పంపకము అయిపోవును గనుక, మీలో అడుగవలసినవారు ఏప్రిలులోనే అడుగుడు. వ్రాయుటకు సాయము కావలసినవారు కూటము ముగిసిన తరువాత మాయొద్దకు రండు. ఉత్తరముల నకళ్లు తెచ్చినాము.