మధ్యాహ్నం వేళ స్పిట్‌ఫైర్



ఈవేళ నేను మీతో ఊరగాయల గురించి గాని, పిల్లల పరీక్షల గురించి గాని మాట్లాడబోవడం లేదు. యుద్ధవిమానం నడపడం గురించి చెప్పబోతున్నాను. నవ్వకండి. అదీ ఇప్పటి విమానం కాదు. 1940 లో ఇంగ్లండు ఆకాశంలో జర్మన్ విమానాలతో తలపడిన స్పిట్‌ఫైర్. మా యింట్లో, మా అబ్బాయి చదువుకునే గదిలో, కంప్యూటరు ముందు కుర్చీ వేసుకుని దాన్ని నడపడం నేర్చుకున్నాను. దీన్ని సిమ్యులేటరు అంటారు. అంటే ఉత్తుత్తి విమానమన్నమాట. కాని అందులో పడే కష్టం మాత్రం ఉత్తుత్తిది కాదు.

"పిల్లల ఆటకు ఇంత ప్రసంగమా?" అని మీరు అనుకోవచ్చు. ఉత్తుత్తి విమానానికీ పెద్ద చరిత్రే వుందండీ. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929 లో మొదటి దాన్ని తయారుచేశాడు. వాళ్ళ నాన్నగారిది పియానోలు, ఆర్గాన్లు చేసే ఫ్యాక్టరీ. మన హార్మోనియంలో గాలి తిత్తులు వుంటాయి చూడండి, అలాంటి తిత్తులనే ఒక చెక్కపెట్టె కింద అమర్చి, లోపల కూర్చున్న మనిషి కర్రను ఎటు వంచితే పెట్టె అటు ఒరిగేట్టు చేశాడాయన. మొదట్లో దాన్ని ఎక్కువగా కొన్నది వినోదపు పార్కుల వాళ్ళేనట! 1934 లో అమెరికా సైనిక విమానాలు టపా మోస్తూ, మబ్బుల్లో చిక్కుకుని, వరసగా కూలిపోయిన తరువాత గాని సైన్యం కళ్ళు తెరిచి ఆ పెట్టెలు కొనలేదు. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి లక్షలమంది కుర్రవాళ్ళు నిజం విమానం ఎక్కేముందు ఆ పెట్టెలోనే కూర్చుని నేర్చుకున్నారు.

ఇప్పుడా పెట్టె కంప్యూటరులోకి వచ్చేసింది. మా అబ్బాయి దగ్గరున్నది 2011 లో వచ్చిన 'ఐఎల్-2 స్టర్మోవిక్: క్లిఫ్స్ ఆఫ్ డోవర్' అనేది. చేతికొక కర్ర, ఇంజను జోరు పెంచే మీట ఒకటి, కాళ్ళకింద రెండు పెడల్సు. ఇంతే సరంజామా.

స్పిట్‌ఫైర్‌ను రూపొందించినవాడు ఆర్. జె. మిచెల్. అది మొదటిసారి గాలిలోకి లేచింది 1936 మార్చి 5 న. మరుసటి ఏడే ఆయన కాన్సరుతో పోయాడు. అప్పటికి ఆయన వయసు 42. యుద్ధంలో తన విమానం చేసిన పని ఆయన చూడనే లేదు. ఆ తరువాత అలాంటివి ఇరవైవేలకు పైగా తయారయ్యాయి.

చూడడానికి ఎంత సొగసుగా వుంటుందో, నేలమీద అంత పేచీకోరు. ముక్కు పొడుగు, తోక నేలకు ఆని వుంటుంది. అందుచేత కుర్చీలో కూర్చుంటే ఎదురుగా ఇంజను కప్పు తప్ప దారి కనపడదు. ఏం చెయ్యాలి? పాము నడిచినట్టు కుడికీ ఎడమకూ మెలికలు తిప్పుకుంటూ, ప్రక్కనుంచి తొంగిచూస్తూ పోవాలి. బ్రేకు కాలికింద కాదు, చేతిలోని కర్రకే వుంటుంది. అదైనా పోనీ, నింపాదిగా వెడదామా అంటే ఇంజను వూరుకోదు. దాన్ని చల్లబరిచే రేడియేటరు కుడి రెక్క కింద వుంది. నేలమీద వున్నంతసేపూ దానికి సరిగా గాలి తగలదు. వేడి చూపించే ముల్లు పైకి పాకుతూనే వుంటుంది. పొయ్యిమీద పాలు పెట్టి ఫోనులో మాట్లాడడం అలవాటైన మనకు ఈ సంగతి ఎవరూ విడిగా నేర్పనక్కరలేదు. ఒక కన్ను దారిమీద, ఒక కన్ను ముల్లుమీద. పొంగకముందే గాలిలోకి లేవాలి.

లేవడం ఇంకో తమాషా. పంకా తిరిగే తీరువల్ల, ఇంజను జోరు పెంచగానే విమానం ఎడమవైపు గుంజుతుంది. కుడికాలితో పెడల్‌ను నొక్కి దాన్ని దారిలో వుంచాలి. ఎంత నొక్కాలి? అది ఏ పుస్తకమూ చెప్పదు, కాలికే తెలియాలి. ఎవరికైనా సరే మొదట్లో నాలుగైదుసార్లు విమానం గింగిరాలు తిరిగి గడ్డిలో పడుతుంది. జోరు ఒక్కసారిగా కాకుండా, స్టవ్వు సెగ పెంచినట్టు మెల్లమెల్లగా పెంచితే కాలికి తీరిక దొరుకుతుంది.

హమ్మయ్య, లేచామనుకుంటామా? చక్రాలు ముడవాలి. ఆ మీట కుడిప్రక్కన వుంది. కుడిచేతిలో కర్ర వుంది. కాబట్టి కర్రను ఎడమచేతికి మార్చి కుడిచేత్తో మీట తియ్యాలి. తొలినాళ్ళ స్పిట్‌ఫైర్లలో మీట కాదు, పంపు! కుడిచేత్తో బోరింగు కొట్టినట్టు కొడుతుంటే, కర్ర పట్టుకున్న ఎడమచెయ్యి కూడా తెలియకుండానే దానితోపాటు ఊగేది. కొత్తగా చేరిన పైలట్లను దూరంనుంచే గుర్తుపట్టేవారట, వాళ్ళ విమానం అలమీద పడవలా పైకీ కిందకూ ఊగుతూ పోయేది గనక. ఇంతాచేస్తే, గాలిలో ఆ కర్రకు రెండువేళ్ళ బలం చాలు. ముగ్గు పిండి వదిలినంత తేలికగా పట్టుకోవాలి.

ఇంకొక చిత్రం చెప్పాలి. గాలిలో హాయిగా పోతూ కర్రను ఠక్కున ముందుకు తోశారనుకోండి, ఇంజను దగ్గి ఆగినంత పనవుతుంది. సిమ్యులేటరు చెడిపోయిందని మొదట అనుమానం వస్తుంది. కాదు, నిజం స్పిట్‌ఫైర్ కూడా అంతే చేసేది. ముక్కు ఠక్కున కిందికి వంచితే కార్బ్యురేటరులోని పెట్రోలు పైకి ఎగిరి, ఇంజనుకు క్షణంపాటు అందక, మరుక్షణం మోతాదుకు మించి పోయేది. జర్మన్ విమానాలకు ఈ బాధ లేదు. వాళ్ళు తటాలున కిందికి దూకి తప్పించుకుంటుంటే వీళ్ళు వెంటపడలేకపోయేవారు. ప్రాణాలమీది సంగతి కదా! దీనికి చిట్కా కనిపెట్టింది ఎవరనుకున్నారు? బియాట్రిస్ షిల్లింగ్ అనే ఆవిడ. ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధనాలయంలో ఇంజనీరు. మోటారు సైకిలు పందాల్లో వంద మైళ్ళ వేగం దాటి పతకం పుచ్చుకున్న మనిషి. మన గ్యాసుపొయ్యి బర్నరు కింద సన్నని బెజ్జంతో ఒక ఇత్తడి ముక్క వుంటుందా, అలాంటి చిన్న బిళ్ళనే ఆవిడ పెట్రోలు దారిలో పెట్టింది. మోతాదుకు మించి పోకుండా ఆ బెజ్జం కాపలా కాసింది. 1941 లో తానే మనుషులను వెంటబెట్టుకుని విమానస్థావరాలు తిరిగి బిగించి వచ్చింది. ఇంజను కిందికి దించే పనికూడా లేకుండా! ముక్కు వంచినప్పుడల్లా నాకు ఆవిడ గుర్తుకొస్తుంది.

ఇక స్పిట్‌ఫైర్లు నడిపిన ఆడవాళ్ళ సంగతి. ఫ్యాక్టరీలో తయారైన విమానాలను స్థావరాలకు చేర్చడానికి ఇంగ్లండులో 'ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆగ్జిలరీ' అని ఒక సంస్థ వుండేది. అందులో 1940 జనవరి 1 న పాలిన్ గోవర్ నాయకత్వంలో ఎనమండుగురు ఆడవాళ్ళు చేరారు. ఆసుపత్రి నేల శుభ్రంగా తుడవడం కూడా చేతకాని ఆడవాళ్ళు బాంబరు విమానం కావాలంటున్నారని అక్కడి ఒక విమాన పత్రిక సంపాదకుడు ఈసడించాడు. (నేల తుడవడం చాలా తేలికని ఆయన ఉద్దేశం కాబోలు!) మొదట వాళ్ళకిచ్చినవి రెండు రెక్కల టైగర్ మాత్ విమానాలు. పైకప్పు లేనివి. గడ్డకట్టే చలికాలంలో వాటిని స్కాట్లండు దాకా తోలుకుపోయారు. 1941 లో గాని యుద్ధవిమానాలు వాళ్ళ చేతికి రాలేదు. వచ్చాక చూసుకోండి, మొత్తం 168 మంది ఆడవాళ్ళు పనిచేశారు. డయానా బర్నాటో వాకర్ ఒక్కావిడే 260 స్పిట్‌ఫైర్లు చేరవేసింది. 1943 నుంచి మగవాళ్ళతో సమానంగా జీతం కూడా ఇచ్చారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మాటో ఆలోచించండి.

వాళ్ళకు విమానంలో రేడియో లేదు. మబ్బుల్లో దూరి నడిపే శిక్షణా లేదు. మబ్బు కింద నేలను చూసుకుంటూ, రైలు పట్టాలనూ నదులనూ గుర్తుపెట్టుకుంటూ వెళ్ళాలి. ఏమీ జాన్సన్ పేరు మీలో కొందరు వినే వుంటారు. 1930 లో ఒంటరిగా ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఎగిరి, దారిలో కరాచీలో, ఝాన్సీలో, కలకత్తాలో దిగిన ధీరురాలు. ఆవిడ కూడా ఈ సంస్థలోనే చేరి, 1941 జనవరి 5 న పాడు వాతావరణంలో దారి తప్పి థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట నీళ్ళపాలైంది. శవం దొరకలేదు.

కంప్యూటరు ముందు కూర్చున్న మనకు ఆ భయం లేదు. ఆ చలీ, పెట్రోలు వాసనా, వంపు తిరిగినప్పుడు ఒంటిమీద పడే బరువూ లేవు. అందుకే సిమ్యులేటరు నేర్చినవాళ్ళమంతా పైలట్లమని నేను చచ్చినా అనను. కాని ఆ ఆడవాళ్ళకు ఏ చేతిపని, ఏ కంటిపని అవసరమైందో మాత్రం మన చేతికీ కంటికీ తెలుస్తుంది. పుస్తకంలో చదివితే తెలియదు.

వాళ్ళ దగ్గర జేబులో పట్టే చిన్న నోట్సు పుస్తకం ఒకటి వుండేది. ఒక్కో రకం విమానానికి ఒక్కో కార్డు. ఎంత వేగంలో లేవాలి, ఎంత వేగంలో దిగాలి, ఏ మీట ఎప్పుడు. అంతే. జన్మలో చూడని విమానం దగ్గరకు వెళ్ళి, ఆ కార్డు ఒకసారి చదువుకుని ఎక్కి కూర్చునేవారు. మొదట చేరినవాళ్ళలో ఎక్కువమంది డబ్బున్న యిళ్ళ ఆడపిల్లలు. యుద్ధానికి ముందే సొంత ఖర్చుతో నేర్చుకున్నవాళ్ళు. కాని 1943 నుంచి, విమానం నడపడం బొత్తిగా రాని ఆడవాళ్ళను కొందరిని తీసుకుని ఓనమాల నుంచి నేర్పారు. వాళ్ళూ స్పిట్‌ఫైర్లు నడిపారు. పుట్టుకతో వచ్చే విద్య కాదని తేలిపోయింది కదా! విమానం చేతికిచ్చి, నేర్పేవాళ్ళను పెట్టి, నేర్చుకునే వేళ ఇస్తే వచ్చింది.

ఆ వేళ దగ్గరే మనకు చిక్కు. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. నాకోసం నేనొక గంట అడగాలంటే నోరు రాదు. కుట్టుమిషను ముందు కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, నాలుగు జాకెట్లు వస్తాయి గనక. "దీనివల్ల ఏమిటి లాభం, వదినా?" అని మా ఆడపడుచు అడిగింది. లాభమేమీ లేదన్నాను. మావారు రెండు రోజులు మూతి ముడుచుకున్నారు. "మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర దాకా నేను యింట్లో లేననుకోండి" అని మాత్రం గట్టిగా చెప్పాను. ఆ గంట వంటదీ కాదు, పిల్లలదీ కాదు, చుట్టాలదీ కాదు. ఇదివరకు ఆ వేళకు మా అత్తగారికి కాఫీ కలిపేదాన్ని. ఇప్పుడు ఫ్లాస్కులో పోసి పెడుతున్నాను. ఆవిడ గ్లాసు పట్టుకుని వచ్చి నా వెనక కుర్చీలో కూర్చుని, "చక్రాలు దించావుటే?" అని అడుగుతున్నారు. ఆ మాట కార్డులో కూడా వుంది.

ఇంగ్లీషు సూచనలన్నీ నేను తెలుగులో రాసుకున్నాను, పాల లెక్కల పుస్తకం వెనకపేజీల్లో. దిగడానికి రాసుకున్నది చెబుతాను వినండి. "వేగం 160 మైళ్ళకు తగ్గాక చక్రాలు. పచ్చదీపం చూడు. తిన్నగా రావద్దు, ముక్కు అడ్డం. కొడవలిలా వంపు తిరుగుతూ రా, దారి ప్రక్కనుంచి కనపడుతుంది. ఫ్లాపులు పూర్తిగా దించు, సగం అనే మాట లేదు. 90 మైళ్ళు. నేల దగ్గరపడ్డాక జోరు తీసెయ్యి, కర్ర వెనక్కు, వెనక్కు, ఇంకా వెనక్కు. మూడు చక్రాలూ ఒక్కసారి. ఆగేదాకా కాళ్ళు నిద్రపోవద్దు." ఈ చివరిమాట ఎందుకంటే, ముందుచక్రాలు రెండూ మరీ దగ్గరదగ్గరగా వుంటాయి. దిగామని సంబరపడేలోపల ఒక రెక్క నేలకు తగిలిస్తుంది.

మనకు సంబంధించిన సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1940 వేసవిలో ఇంగ్లండు దక్షిణ తీరాన వార్మ్‌వెల్ స్థావరం నుంచి స్పిట్‌ఫైర్లతో పోరాడిన 152 వ దళం పేరు 'హైదరాబాద్ స్క్వాడ్రన్'. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. దాని చిహ్నంలో వున్నది నిజాం తలపాగా. ఆ విరాళం వెనక మన పల్లెల శిస్తు రూపాయలు కూడా వుండే వుంటాయి. శిస్తు కట్టిన తల్లులకు ఆ విమానం బొమ్మ అయినా ఎవరు చూపించి వుంటారు? అదే హైదరాబాదు ప్రక్కన దుండిగల్‌లో 2016 జూన్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన వాయుసేన తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా బాధ్యతలు తీసుకున్నారు. 1940 నుంచి 2016 దాకా ఎన్నేళ్ళో మీరే లెక్క వేసుకోండి.

మీలో ఎవరికైనా మొదలుపెట్టాలని వుంటే, ఆ ఎనమండుగురిలాగే మొదట టైగర్ మాత్ తీసుకోండి. ఇందులో అదీ వుంది. దానికి రేడియేటరు లేదు, ముడిచే చక్రాలు లేవు, బ్రేకులు కూడా లేవు. దాన్ని చప్పుడు లేకుండా దించడం వచ్చేదాకా స్పిట్‌ఫైర్ జోలికి పోకండి. అన్నట్టు, పెడల్సు కింద ఒక గోనెపట్టా వేసుకోండి. మన నున్నటి టైల్సు మీద, కుడికాలు గట్టిగా నొక్కేసరికి అవి గోడదాకా జారిపోతాయి.