గొడ్రాలు అనే ముందు మగవాడికి పరీక్ష చేయించండి
(గేటు మీటింగులో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనసు, కరువుభత్యం వదిలి ఈ పూట ఇదేం మాట ఎత్తుకున్నారని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వినా వినండి. ఆ మధ్య మన సోదరుడొకరు పి.ఎఫ్. అప్పు కాగితం రాయించుకోవడానికి మా దగ్గరికి వచ్చాడు. పెళ్లయి ఏడేళ్లయినా పిల్లల్లేరు, ఇంట్లో రెండో పెళ్లి చేస్తామంటున్నారు. చట్టం ఒప్పదన్నాం. "నీకు పరీక్ష చేశారా?" అని అడిగితే తల వంచుకున్నాడు. ఆ అమ్మాయి మొక్కని దేవుడు లేడు, మింగని మాత్ర లేదు. ఇతనికి మాత్రం ఒక్క పరీక్షా కాలేదు.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా లోపముంటుంది. మనకు తెలిసిన మాటల్లో చెబుతాం. పత్తి బ్లోరూములో మొదలై కార్డింగు, డ్రాయింగు, సింప్లెక్సు, రింగ్ ఫ్రేము దాటితేనే నూలవుతుంది. వీర్యకణం కూడా దశలు దాటి తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఆ దశలను నడిపే ఆజ్ఞలు జన్యువుల్లో ఉంటాయి. ఒక ఆజ్ఞ తప్పితే మిల్లు నడుస్తున్నట్టే ఉంటుంది, నూలు రాదు. మీసానికి, మగతనానికి లోటుండదు, వీర్యంలో కణాలుండవు.

హైదరాబాదులోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.సి.ఎం.బి.లో డాక్టర్ కె. తంగరాజ్ బృందం, వీర్యకణాలే లేని 340 మందిని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 29 మందికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోములో కొన్ని ముక్కలు లేవు. 2022లో మరో ఎనిమిది జన్యువుల లోపాలు, 2024లో టెక్స్13బి అనే జన్యువు సంగతి బయటపెట్టారు. ఈ చివరిది ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. మగవాడికి ఎక్స్ ఒక్కటే, అది తల్లి నుంచి వస్తుంది. అట్లని తల్లిని ఆడిపోసుకోకండి. తెలిసి ఇచ్చింది కాదు.

అన్నీ జన్యువుల వల్లే అని కూడా అనుకోవద్దు. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పురుగుమందు ఫ్యాక్టరీ కార్మికులు, తమలో చాలామందికి పిల్లలు కలగడం లేదని తమలో తామే మాట్లాడుకుని గమనించారు. యూనియన్ పట్టుబట్టి పరీక్ష చేయిస్తే డి.బి.సి.పి. అనే మందే కారణమని తేలింది. సిగ్గుపడి నోరు మూసుకుని ఉంటే అది బయటపడేదా?

కాబట్టి ముందు వీర్యపరీక్ష. అది మామూలు పరీక్షే. కణాలు లేవన్నా, మరీ తక్కువన్నా, వై క్రోమోజోము పరీక్ష గురించి డాక్టరును అడగండి. అందులో ఏ, బి అనే భాగాలు పూర్తిగా పోతే వృషణంలో వెతికినా కణాలు దొరకవు. సి భాగం ఒక్కటే పోతే కొందరిలో దొరుకుతాయి. అయితే అలా పుట్టే మగబిడ్డకూ ఆ లోపం వస్తుంది. వడ్డీకి తెచ్చి లక్షలు పోసే ముందు ఇది తెలుసుకోవాలి. మంత్రించిన తాయెత్తు పోయిన ముక్కను తెచ్చిపెట్టదు.

ఆ సోదరుని కాగితం పక్కన పెట్టి, పరీక్షకు సెలవు ఇప్పించాం. ఫలితం ఆ భార్యాభర్తలది, మేము చెప్పం. రెండో పెళ్లి మాట మాత్రం ఆగింది. ఇకమీదట మన లైన్లలో ఏ ఆడబిడ్డనూ గొడ్రాలు అనకుండా చూసుకోవడం మనందరి బాధ్యత.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!