రుజువు చూపే రాత

వాదించి ఒప్పించే రాతకు ఆధారమే ప్రాణం. డిగ్రీ కంపోజిషన్ తరగతిలో నేర్పేదంతా చివరకు ఇక్కడికే వస్తుంది: ప్రశ్న ఒకటి వేసుకోవడం, సమాచారం సేకరించి సరిచూసుకోవడం, ఎదుటివారి మాటను న్యాయంగా చెప్పి ఆ తర్వాతే కాదనడం. తెలంగాణ సరిహద్దున ఉన్న కంగ్టి, నారాయణఖేడ్ ప్రాంతం నుంచి నేడు పట్టాలు పుచ్చుకునేవారికి అభినందనలు ఎలాగూ అందుతాయి. వాటి వెంట ఈ మాట కూడా అందాలి.

ఆధారంతో ఒప్పించే రాతకు తెలంగాణలో పెద్ద ఉదాహరణ సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణలో తెలుగు కవులు లేరన్నట్టుగా ముడుంబై వెంకటరాఘవాచార్యులు అన్న మాట చాలామందిని నొప్పించింది. కోపంగా ఓ సంపాదకీయం రాసి ఊరుకుందామంటే ప్రతాపరెడ్డి చేతిలో గోలకొండ పత్రిక ఉండనే ఉంది. ఆయన మాత్రం కవుల వివరాలు, పద్యాలు సేకరించే పనికి పూనుకుని, 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. 354 పేర్లు కళ్లెదుట పెట్టాక ఇక తిట్టుతో పనేముంది?

ఆధారం ఉన్నంత మాత్రాన వెంటనే గెలుపు దక్కుతుందనీ కాదు. విద్యార్థులు ఏ తెలుగులో వ్యాసం రాయాలన్న తగవు మద్రాసు విశ్వవిద్యాలయం కంపోజిషన్ ఉపసంఘానికి వచ్చినప్పుడు, 1914లో గురజాడ అప్పారావు వాడుక భాష పక్షాన సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాశారు. అప్పటికి నెగ్గింది గ్రాంథికమే. మరుసటి ఏడే గురజాడ కన్నుమూశారు. పాత వచనం నుంచి ఉదాహరణలు ఏరి చూపుతూ గిడుగు రామమూర్తి పోరు సాగించారు. నేటి పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఎవరి పక్షాన నిలిచాయో వేరే చెప్పనక్కర్లేదు.

ఇలాంటి రాతకు పూర్తి విరుద్ధం ఎత్తిరాత. ఏళ్ల తరబడి ప్రాజెక్టు రికార్డులు దిద్దిన అధ్యాపకులకు ఒక విద్య అబ్బుతుంది. మూడో పేజీ తిప్పేసరికి అది ఏ సీనియర్ రికార్డో చెప్పేస్తారు. జిరాక్సు షాపులో వేయించిన స్పైరల్ బైండింగ్ తళతళలాడుతుంది, లోపల పోయినేటి తప్పులు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఒక్కోసారి పాత హాల్ టికెట్ నంబరు కూడా! ఇప్పుడైతే ఆ సీనియర్‌తోనూ పనిలేదు, వ్యాసం ఫోనే రాసిపెడుతోంది. వాక్యం నున్నగానే ఉంటుంది. ఇది ఎక్కడ చూశావు, ఎవరిని అడిగావు అంటే మాత్రం కుర్రవాడు నేల చూపులు చూస్తాడు. ఎత్తిరాసినదానికి మార్కులు పడొచ్చు గానీ, ఎదురు ప్రశ్న పడితే అది నిలవదు. మూడేళ్ల చదువులో సొంతంగా రాసినవి పేరు, తేదీ మాత్రమే అయితే ఆ పట్టాకు అంత ఫ్రేము ఎందుకు?

కంగ్టిలో పరిశోధనకు విషయాలు కరువు కాదు. కర్ణాటక, మహారాష్ట్ర రెండూ దగ్గరే. తెలుగు, కన్నడ, మరాఠీ, లంబాడీ వినిపించే చోట, ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అయిన పిల్లలకు చదువు ఎక్కడ కష్టమవుతోందో అడిగి రాసుకోవచ్చు. తండాల నీటి గోస ఇంకో విషయం. “మా తండాకు నీళ్లు లేవు” అని, అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చే కాగితం ఫిర్యాదు మాత్రమే. ఎన్ని ఇళ్లు, ఎన్ని బోర్లు, ఏ నెలలో ఏది ఎండింది, బిందె పట్టుకుని ఎంత దూరం పోతున్నారు, ఈ లెక్క ఎవరు చెప్పారు అన్నవి చేరితే అది వాదనవుతుంది. అధికారి చెప్పబోయే జవాబును ముందే ఊహించి, దానికీ ఒక పేరా కేటాయిస్తే మరీ మంచిది. పట్టా పుచ్చుకున్న ప్రతివారూ వచ్చే వేసవిలోగా తమ ఊరి కోసం అలాంటి అర్జీ ఒక్కటి సొంతంగా రాసి, కింద సంతకం పెట్టాలి.