కాటన్ అలవాట్లు, నైలాన్ బట్టలు



ఈ గదిలో ఉన్న చాలామంది ఈ హీట్ ప్రెస్ ప్రింటింగ్ పనిలోకి కాటన్ టీషర్టు పట్టుకునే వచ్చారు. నేనూ అలాగే వచ్చాను. ప్లేటు 150, 160 డిగ్రీలకు పెట్టడం, పది పదిహేను సెకన్లు నొక్కడం, ఫిల్ము లాగేయడం. కాటన్ కరగదు. వేడి కాస్త ఎక్కువైతే పసుపు చాయ తిరుగుతుంది, అదీ చాలాసార్లు ఉతుకులో పోతుంది. నూలు గరుకుగా ఉంటుంది కాబట్టి జిగురు పోగుల మధ్యకు దిగి గట్టిగా పట్టుకుంటుంది. అంత ఓర్పు ఉన్న బట్ట మీద పని నేర్చుకున్న చేతులతోనే ఇవాళ మనం జెర్సీలు, ట్రాక్ సూట్లు, విండ్ చీటర్లు, లైక్రా లెగ్గింగులు ప్రెస్ కింద పెడుతున్నాం. సంక్రాంతికి ఊరూరా క్రికెట్ టోర్నమెంట్లు. ప్రతి టీముకూ వీపు మీద పేరు, నంబరు కావాలి. ఆ జెర్సీల్లో దాదాపు అన్నీ పాలిస్టరే. అందుకే నేను ఇవాళ ఒక్క మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. ఫిల్ము పాకెట్ మీది అంకె చూసి ప్లేటు వేడి పెట్టకండి. కింద పరిచిన బట్ట ఏదో తెలుసుకుని పెట్టండి.

మనకు ఎక్కువ నష్టం తెచ్చేది రంగు మరక. ముందు దాని సంగతి చూద్దాం. ఎర్ర జెర్సీ మీద తెల్ల నంబరు వేస్తాం. ప్రెస్ నుంచి తీసినప్పుడు తెల్లగానే ఉంటుంది. మూడో రోజు కస్టమర్ ఫోన్ చేసి నంబరు గులాబీ రంగుకు తిరిగిందంటాడు. మనం వెళ్ళి ఫిల్ము అమ్మినవాణ్ణి నిలదీస్తాం. అసలు కారణం జెర్సీకి వేసిన రంగులో ఉంది. పాలిస్టర్‌కు అద్దేవి డిస్పర్స్ రంగులు. అద్దకపు యంత్రంలో ఒత్తిడి కింద నీళ్ళను 130 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఆ వేడికి పోగు వదులై రంగును లోపలికి రానిస్తుంది. చల్లబడ్డాక బిగుసుకుని రంగును పట్టి ఉంచుతుంది. మనం ప్రెస్‌లో మళ్ళీ అంత వేడి తగిలిస్తే ఆ పోగు మళ్ళీ వదులవుతుంది, లోపలి రంగు బయటికి దారి చూసుకుంటుంది. 180 దాటితే ఆవిరై లేస్తుంది. పైన మనం అంటించిన జిగురూ ఇంకూ కూడా ప్లాస్టిక్ జాతివే కాబట్టి ఆ రంగు వాటిలోకి సులువుగా దూరుతుంది. ఈ పాకుడు నెమ్మదిగా సాగుతుంది. అందుకే మరక ఒక్కోసారి గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత బయటపడుతుంది.

సబ్లిమేషన్ ప్రింటు చేసేవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. డిస్పర్స్ రంగును 200 డిగ్రీల దగ్గర ఆవిరి చేసి పోగులోకి ఎక్కించడమే వాళ్ళ పని. వాళ్ళకు అన్నం పెట్టే గుణమే మనకు మరక తెస్తోంది. సబ్లిమేషన్ చేసిన జెర్సీ మీద మళ్ళీ తెల్ల నంబరు అంటించమని వచ్చే ఆర్డరు అన్నిటికంటే కష్టమైనది. అక్కడ రంగు కదలడానికి సిద్ధంగా ఉంటుంది.

దీనికి మందు ఉంది. 120, 130 డిగ్రీలకే కరిగే జిగురున్న ఫిల్ము గానీ, డి.టి.ఎఫ్. (డైరెక్ట్ టు ఫిల్మ్) అయితే తక్కువ వేడికి కరిగే పౌడర్ గానీ వాడాలి. వేడి తగ్గించిన మేరకు ప్రెషర్ సరిచూసుకోవాలి. ముదురు రంగుల మీద కార్బన్ పొర ఉన్న బ్లాకర్ ఫిల్ము వాడాలి. కింద కనిపించే ఆ బూడిదరంగు పొర పైకి వచ్చే రంగును మధ్యలోనే పట్టేస్తుంది. ఖరీదు ఎక్కువే. కానీ ఒక టీము జెర్సీలు తిరిగొస్తే పోయేదానితో పోల్చి చూడండి. ఇంకొకటి, ప్రెస్ నుంచి తీసిన జెర్సీలను వేడి వేడిగా దొంతర పెట్టకండి. మధ్యలో ఉన్నవి చాలాసేపు చల్లబడవు, ఆ వేడిలో రంగు పాకుతూనే ఉంటుంది. విడివిడిగా ఆరనిచ్చి మడతపెట్టండి.

ఆర్డరు ఒప్పుకునే ముందే రంగు కదులుతుందో లేదో తెలుసుకోవచ్చు. జెర్సీ లోపలి అంచు మీద తెల్ల పాలిస్టర్ గుడ్డ ముక్క పెట్టి, మీరు పని చేయబోయే వేడిలో అర నిమిషం నొక్కండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే ఆ వేడి ఆ బట్టకు పనికిరాదు. కస్టమర్ ఎదుటే చేయండి. ధర ఎందుకు ఎక్కువో వివరించే శ్రమ సగం తగ్గుతుంది.

ఇక నైలాన్. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కారొథర్స్ బృందం దీన్ని తయారుచేసింది. తర్వాత జర్మనీలో పాల్ ష్లాక్ ఇంకో రకం తెచ్చాడు. మొదటిది 260 డిగ్రీలు దాటాక కరుగుతుంది, రెండోది 220 దగ్గరే కరుగుతుంది. చేత్తో పట్టుకుంటే రెండూ ఒకటే. పైగా కరగడానికి చాలా ముందే మెత్తబడి ముడుచుకుంటాయి. నైలాన్ చీర మీద ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఆగితే ఏమయ్యేదో మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు తెలుసు.

అయినా నైలాన్ దగ్గర నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి: దాని పైపూత, దాని తేమ. విండ్ చీటర్లు, గొడుగులు, బ్యాగుల బట్టకు నీళ్ళు జారిపోయేలా పూత పూస్తారు. నీటిని నిలవనివ్వని పూత జిగురునూ నిలవనివ్వదు. ఒక నీటి బొట్టు వేసి చూడండి. గుండ్రంగా నిలబడి దొర్లితే పూత ఉన్నట్టే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ప్రింటు పడే చోటు తుడిచి, ఆరాక ఒక చిన్న ముక్క అంటించి, చల్లారాక గోటితో లేపి చూడండి. అంచు లేస్తే ఆ ఆర్డరు ప్రెస్ మీద చేయవద్దు. హార్డెనర్ కలిపిన నైలాన్ ఇంకుతో స్క్రీన్ ప్రింటు చేసే మిత్రుడికి పంపించండి. కొన్ని బట్టలకు పూత లోపలి వైపు కూడా ఉంటుంది. అది వేడికి మెత్తబడి ముందు భాగమూ వెనక భాగమూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. లోపల టెఫ్లాన్ షీట్ పెట్టకుండా ప్రెస్ దించకండి.

తేమ విషయానికొస్తే, మామూలు గాలిలో ఉన్న నైలాన్ తన బరువులో నాలుగు శాతం దాకా నీటిని పట్టి ఉంచుతుంది. పాలిస్టర్‌లో అది అర శాతం కూడా ఉండదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో పనిచేసేవాళ్ళు దీన్ని మరింత పట్టించుకోవాలి. ఆ నీరు ప్రెస్ కింద ఆవిరై జిగురును పైకి నెట్టి బుడగలు లేపుతుంది. ప్రింటు పెట్టే ముందు మూడు నాలుగు సెకన్లు ఉత్త బట్టను నొక్కి, ఆవిరి పోనిచ్చి, అప్పుడు ఫిల్ము పరచండి. తీసేటప్పుడు, ఫిల్ము వేడిగా ఉండగానే లాగే హాట్ పీల్ రకం కాకపోతే, పూర్తిగా చల్లారనివ్వండి. జిగురు ఇంకా మెత్తగా ఉండగా లాగితే నైలాన్ మీద మొదట లేచేది అక్షరాల అంచులే.

లైక్రా గురించి రెండు మాటలు. సాగే బట్ట మీద సాగని ఫిల్ము పగులుతుంది. స్ట్రెచ్ ఫిల్మే వాడండి. పెద్ద నిండు డిజైను వస్తే మధ్యలో ఖాళీలు వచ్చేలా మార్చమని అడగండి.

మీ యంత్రాన్ని కూడా అనుమానించండి. డిస్‌ప్లే 130 అని చూపిస్తే ప్లేటు నాలుగు మూలలా 130 ఉందని నమ్మకం లేదు. పాత యంత్రాల్లో మధ్యకూ అంచుకూ తేడా బాగానే ఉంటుంది. కాటన్‌కు ఆ తేడా పట్టదు. పాలిస్టర్, నైలాన్ మీద అయితే ఒక మూల జిగురు కరగదు, ఇంకో మూల రంగు లేస్తుంది. వేడికి రంగు మారే స్ట్రిప్పులు దొరుకుతాయి, మూలమూలనా పెట్టి చూసుకోండి. జిప్పు, కుట్టు, కాలరు ప్లేటు కిందికి వస్తే ప్రెషరంతా వాటి మీదే పడుతుంది, ప్రింటుకు అందదు. లోపల ప్రెస్ పిల్లో పెట్టి ప్రింటు చోటును ఎత్తుగా చేయండి. టెఫ్లాన్ షీట్ వేయకపోతే పాలిస్టర్ మీద ప్లేటు ముద్ర నలుచదరంగా నిగనిగలాడుతూ ఉండిపోతుంది. అది ఉతికినా పోదు.

సరుకు ఇచ్చేటప్పుడు ఉతుకు సంగతి కస్టమర్‌కు నోటితో చెప్పండి, చీటీ మీద తెలుగులో రాసి కూడా ఇవ్వండి. ఒక రోజు ఆగి ఉతకాలి, తిరగేసి చన్నీళ్ళలో ఉతకాలి, బండకేసి బాదకూడదు, ప్రింటు మీద బ్రష్షుతో రుద్దకూడదు, ఇస్త్రీ పెట్టకూడదు.

పక్క బల్ల మీద ప్రెస్ వేడెక్కింది. 125 డిగ్రీల దగ్గర పెట్టించాను. జెర్సీలు, జాకెట్లు తెచ్చుకున్నవాళ్ళు ముందుకు రండి. నీటి బొట్టుతో, తెల్ల గుడ్డతో మొదలుపెడదాం.