‘బాగానే నడుస్తానండి’ అన్న మాట

 

ధింసా మొదలయ్యేలోపు మాకు పది నిమిషాలు ఇచ్చారు. బీఈడీ చదివిన రోజుల్లో పాఠానికి ముందు దాని లక్ష్యం బోర్డు మీద రాయమనేవారు. ఈ రోజు పాఠం లక్ష్యం ఒక్కటే. మన ఇంట్లోనో, మన ఊళ్లోనో ఒకరికి వికలాంగ పెన్షను ‘లేదు’ అని కాగితం వస్తే ఆ కాగితం పట్టుకుని మీరేం చేయాలి?

ఒక అనుభవం చెబుతాం. సీతమ్మధారలోని మా హాస్టల్లో డిగ్రీ చదివే ఒక అమ్మాయిది ముంచంగిపుట్టు వైపు ఊరు. వాళ్ల నాన్న చాలా ఏళ్ల కిందట జీలుగు చెట్టు మీద నుంచి పడ్డాడు. తుంటి ఎముక వంకరగా అతుక్కుంది, ఒక కాలు పొట్టిదైంది. అప్పట్లో సదరం శిబిరంలో సర్టిఫికెట్ ఇచ్చారు, పెన్షను వచ్చింది. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వికలాంగ పెన్షను 3,000 నుంచి 6,000 రూపాయలైంది. ఆ డబ్బులోంచే ఆ అమ్మాయి పుస్తకాలు, పరీక్ష ఫీజు.

2025లో రాష్ట్రమంతా వికలాంగ పెన్షన్లను మళ్లీ తనిఖీ చేశారు. ఆగస్టులో చాలామందికి నోటీసులు వచ్చాయి. ఆయనకూ వచ్చింది. వైకల్యం 40 శాతం కన్నా తక్కువ, పెన్షనుకు అర్హత లేదు అని. ఆయన ఆ కాగితాన్ని మడిచి ఇంటి చూరులో దోపి ఊరుకున్నాడు. ‘సర్కారోళ్లు రాసేశారు, ఇంకేటి చేస్తాం’ అన్నాడట. ఆ అమ్మాయికి తెలిసేసరికి రెండు వారాలు గడిచాయి.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పాలి. పిల్ల ఏడుస్తూ మా దగ్గరకొస్తే మేము ‘మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టించమ్మా’ అన్నాం. అది తప్పుడు సలహా. కొత్త దరఖాస్తు అంటే మళ్లీ వరుసలో చివర నిలబడడం. అప్పీలు అంటే ‘ఇప్పుడిచ్చిన నిర్ణయం సరిగా లేదు, మళ్లీ చూడండి’ అని అడగడం. రెండూ ఒకటి కావు. నోటీసు అందినవారు ఎంపీడీవో దగ్గర, పట్టణాల్లోనైతే మున్సిపల్ కమిషనర్ దగ్గర అప్పీలు చేసుకోవచ్చని ప్రభుత్వమే చెప్పింది. మా పిల్లే ఆ నోటీసును ఫోన్లో ఫోటో తెప్పించుకుని, కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివి, మాకు చూపించింది.

ఆయన్ను ఇక్కడికి రమ్మన్నాం. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి వచ్చాడు. ‘డాక్టరుగారు ఏం అడిగారు మామా?’ అన్నాం. ‘నడుస్తావా అన్నారు. బాగానే నడుస్తానండి అన్నాను. గొంతుక్కూర్చోమన్నారు. కూర్చున్నాను.’ ‘నొప్పి రాలేదా?’ ‘రాకేం. పళ్లు బిగించుకున్నాను. పెద్ద డాక్టరు ముందు కూర్చోలేనంటే బాగుంటుందా?’

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, విషయమంతా ఈ మాటలోనే ఉంది. కాలికి వైకల్యం ఎంతో తేల్చేటప్పుడు డాక్టర్లు కీలు ఎంత వంగుతోంది, కండకు బలమెంత, కాలు ఎంత పొట్టిదైంది అని కొలుస్తారు. వాటితో పాటు చదును నేల మీద నడక, ఏటవాలు మీద నడక, మెట్లెక్కడం, బాధ ఉన్న కాలి మీద నిలబడడం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం కూడా లెక్కలోకి వస్తాయి. అంటే మన పెద్దవాళ్లు మర్యాదకు ‘బాగానే ఉన్నానండి’ అన్నా, పళ్లు బిగించి ఒక్కసారి చేసి చూపినా అది శాతంలో తగ్గుతుంది. ఒక్కసారి చేయగలగడం వేరు, రోజూ చేయగలగడం వేరు. మనవాళ్లకు కష్టం చెప్పుకోవడం నామోషీ. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పెద్దలకైతే తెలుగులో నొప్పిని చెప్పడమే కష్టం.

అలాగని అబద్ధం చెప్పమనడం లేదు. ఉన్నదాన్ని ఎక్కువ చేసి చెబితే నిజంగా ఉన్నవాళ్లకు నష్టం. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, అంతే. అందుకని ఆ రాత్రి మా పిల్లలు ఆయన చుట్టూ కూర్చుని ఒక రోజును రాశారు. పొద్దున లేచి ఊట దగ్గరకు వెళ్లడానికి ఎన్నిచోట్ల ఆగుతాడు. బిందె ఎవరు మోస్తారు. బయటికి వెళ్లినప్పుడు దేన్ని పట్టుకుని కూర్చుంటాడు. పోడు పనికి వెళ్లడం ఎప్పుడు మానేశాడు. వానాకాలం వాలులో ఎన్నిసార్లు పడ్డాడు. ఒక పేజీ అయింది. దాన్ని తండ్రికి చదివి వినిపించి, ఆయన ఔనన్న వాక్యాలే ఉంచింది ఆ అమ్మాయి. పాత సదరం సర్టిఫికెట్, పాత ఎక్స్‌రే, పీహెచ్‌సీ చీటీలు, ఆధార్, నోటీసు నకలు జతచేసి గడువులోగా అప్పీలు ఇచ్చారు. ఇచ్చినట్టు రసీదు తీసుకున్నారు.

రెండోసారి పరీక్షకు పిల్ల తోడు వెళ్లింది. తండ్రి బదులు తను మాట్లాడలేదు. ఆయన ‘బాగానే’ అనబోతే, ‘నాన్నా, ఊట దారి చెప్పు’ అంది. ఆయన చెప్పాడు. కొత్తగా ఎక్స్‌రే తీశారు, కాలు కొలిచారు. శాతం 40 దాటింది. పెన్షను నిలిచింది.

అన్ని అప్పీళ్లూ గెలవవు. మాకు తెలిసిన మరో పెద్దాయనకు చెవి సమస్య. మళ్లీ పరీక్ష చేసినా 40కి లోపే వచ్చింది. అరవై దాటినవాడు కాబట్టి 4,000 రూపాయల వృద్ధాప్య పెన్షనులోకి మారాడు. నెలకు 2,000 తగ్గాయి. ఆ బాధ ఆయనకుంది. కానీ ఎందుకు తగ్గిందో మనవరాలు ఆయన భాషలో చెప్పగలిగింది.

ఇక నోటు పుస్తకంలో రాసుకోవలసినవి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే ఇందులో 21 ఉన్నాయి. మన కొండల్లో కనిపించే సికిల్‌సెల్ జబ్బు కూడా అందులో ఉంది. పైకి కనిపించని వైకల్యమూ వైకల్యమే. సర్టిఫికెట్ నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయం మీద అప్పీలుకు అదే చట్టంలోని 59వ సెక్షన్ దారి చూపిస్తుంది.

‘లేదు’ అన్నప్పుడు అది ఏ ‘లేదో’ ముందు చూడండి. శాతం చాలక లేదన్నారా, ఆధార్‌లో పేరో వయసో తేడా ఉండి లేదన్నారా? మొదటిదానికి డాక్టరు కాగితాలు కావాలి, రెండోదానికి సచివాలయంలో దిద్దుబాటు కావాలి. నోటీసు ఏ రోజు అందిందో దాని మీదే రాయండి, గడువు ఆ తేదీ నుంచే లెక్క. అసలు కాగితం ఎవరి చేతికీ ఇచ్చేయకండి, నకలే ఇవ్వండి. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. లాయరు కావలసి వస్తే భయపడొద్దు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగలవారికి, వికలాంగులకు ఉచిత న్యాయ సహాయం హక్కు. మధ్యవర్తి ఎవరైనా డబ్బడిగితే ఇవ్వొద్దు.

మీరు పండక్కో సెలవులకో ఊరెళ్తారు. ఈసారి వెళ్లినప్పుడు చూరులో, ట్రంకు పెట్టెలో, బియ్యం డబ్బా అడుగున దాచిన కాగితాలు ఒకసారి బయటికి తీయించండి. తాతకో అత్తకో చదివి వినిపించండి. గడువు ఉందేమో చూడండి. తర్వాత పక్కన కూర్చుని వాళ్ల ఒక రోజును రాయండి. మన పెద్దలు చెప్పరు, మనమే అడగాలి.

మా పది నిమిషాలు అయిపోయినట్టున్నాయి. డప్పు వాళ్లు చూస్తున్నారు. ఆ నాన్న కూడా ఇవాళ వచ్చాడు, మూడో వరుసలో కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు వాళ్ల ఊరి ధింసాలో ముందు నిలబడి ఆడినవాడు. ఇప్పుడు ఆడలేడు. ఆ మాట ఇక్కడ చెప్పమని ఆయనే మాకు చెప్పాడు.