వోల్టేజీ పడిపోతే చిప్ ఏం చేయాలి?

బ్యాటరీ పూర్తిగా అయిపోతే సర్క్యూట్ ఆగిపోతుంది. దానితో పేచీ లేదు. చిక్కల్లా సగం అయిపోయిన బ్యాటరీతోనే. వోల్టేజీ చాలకపోయినా మైక్రోకంట్రోలర్ వెంటనే ఆగదు, ఆదేశాలను తప్పుగా నడిపిస్తుంది. ఈఈప్రామ్‌లో దాచిన లెక్కలు చెడిపోయేది అప్పుడే.

ఆర్డుయినో ఊనో బోర్డులోని ఏటీమెగా 328పీ చిప్‌నే చూడండి. ఇందులో బ్రౌన్-అవుట్ డిటెక్టర్ ఉంది. 1.8, 2.7, 4.3 వోల్టుల్లో ఒక హద్దు ఎంచుకోవచ్చు. సరఫరా అంతకన్నా దిగితే అది చిప్‌ను రీసెట్‌లో పట్టి ఉంచుతుంది. ఈ హద్దును మామూలు ప్రోగ్రాంలో రాయలేం, ప్రోగ్రామర్‌తో ఫ్యూజ్ బిట్లలో పెట్టాలి. 16 మెగాహెర్ట్జ్ వేగానికి సుమారు 3.8 వోల్టులు కావాలి. అందుకే 2.7 హద్దు అక్కడ నామమాత్రమే. ఐదు వోల్టుల సరఫరా నిలకడగా ఉంటే 4.3 పెట్టుకోవడమే మేలు.

రీసెట్‌కు ముందే హెచ్చరిక కావాలా? సరఫరానే కొలబద్దగా పెట్టి, చిప్ లోపలి 1.1 వోల్టుల రిఫరెన్సును ఏడీసీతో చదవండి. 1.1ని 1024తో గుణించి, ఆ రీడింగుతో భాగిస్తే సరఫరా వోల్టేజీ వస్తుంది. రీడింగు పెరిగిందంటే వోల్టేజీ తగ్గినట్టు. మొదట్లో తికమకగానే ఉంటుంది. ఆ 1.1 కూడా చిప్‌ను బట్టి 1.0 నుంచి 1.2 దాకా మారుతుంది. ఒకసారి మల్టీమీటరుతో సరిచూసి, అసలు విలువనే ప్రోగ్రాంలో రాసుకోండి.