గేర్‌బాక్సు: ముక్క మార్చాలా, మొత్తం విప్పాలా?

(కేసముద్రంలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పుడూ డి.ఆర్. గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే మనం ఈసారి కార్ల గురించి మాట్లాడుకుందామని కార్యదర్శిగారు అన్నారు. మనలో చాలామంది ఇళ్ళ ముందు పాత కారు ఒకటి ఉంది. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ముతో కొన్నదో, కొడుకు వదిలి వెళ్ళిందో. దాని గేర్‌బాక్సు మొరాయిస్తే మెకానిక్కు రెండు లెక్కలు చెబుతాడు: చెడిన ముక్క మారిస్తే ఇంత, మొత్తం విప్పితే ఇంత. ఏది ఒప్పుకోవాలి? నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా ఈపీఎస్ పెన్షన్ ఏపాటిదో మీకు తెలుసు. 2014లో కనిష్ఠం 1,000 రూపాయలు చేస్తేనే మేం పండగ చేసుకున్నాం. కాబట్టి దుబారా సలహా నా నోట రాదు.

డిపోలో మాకు ఈ తర్జనభర్జన ఉండేది కాదు. గేర్‌బాక్సు పాడైతే దించి జోనల్ వర్క్‌షాపుకు పంపేవాళ్ళం. అక్కడ బాగుచేసి ఉంచిన ఇంకొకటి తెచ్చి ఎక్కించేవాళ్ళం. బస్సు ఒక్కరోజు నిలబడితే డిపోకు నష్టం. మన ఇంటి కారుకు ఆ పద్ధతి సాగదు. మనకు ఉన్నది ఒకే బండి, ఒకే పెన్షన్.

ఇక అసలు సంగతి. మన సభ్యుల్లో రిటైర్డ్ మాస్టారు ఒకరున్నారు. పేరు చెప్పవద్దన్నారు. వారిది 2008 నాటి మారుతి 800. వారి భార్యకు వారానికి 2 సార్లు వరంగల్‌లో డయాలిసిస్. తెల్లవారుజామున బయలుదేరాలి. తిరుగు ప్రయాణంలో ఆమె కూర్చోలేదు, వెనక సీట్లో పడుకోవలసిందే. 2024 సెప్టెంబరు 1 నాటి వాన మీకు గుర్తే. ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. ఆ రాత్రంతా ఈ కారు వాకిట్లో నీళ్ళలో ఉంది. తర్వాత ఇంజను ఆయిలు మార్పించారు కానీ, గేరు ఆయిలు సంగతి ఎవరికీ తట్టలేదు. కొన్ని నెలలకు మూలుగు మొదలైంది. ఒక మెకానిక్కు ఒక్క బేరింగు మారిస్తే చాలు, 7,000 అన్నాడు. ఇంకొకాయన గేర్లతో సహా మొత్తం మార్చాలి, 24,000 అన్నాడు. మాస్టారు నన్ను పిలిచారు.

డబ్బు మాట తర్వాత, ముందు చెవి పెట్టి వినాలి. బండి న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను నడుస్తుండగా క్లచ్ మీద కాలు తీస్తే మోత వచ్చి, తొక్కితే ఆగితే అది గేర్‌బాక్సులోకి వెళ్ళే మొదటి షాఫ్టు బేరింగు. తొక్కినప్పుడే మోత వస్తే క్లచ్ రిలీజు బేరింగు. గేర్‌బాక్సు లోపలి భాగాల జోలికి పోనక్కరలేదు. ఈ ఒక్క తేడా తెలియక అనవసరంగా విప్పించుకున్నవాళ్ళున్నారు. ఒక్క గేరులోనే ఈల వేస్తే ఆ గేరు పళ్ళు. గేరు మార్చేటప్పుడు కరకరమంటే, క్లచ్ బాగానే తెగుతున్నట్లయితే, సింక్రో రింగు అరిగిందని అనుమానించాలి.

ఆ తర్వాత ఆయిలు దింపించాలి, మీరు దగ్గర నిలబడి చూడాలి. మన మార్కెట్ యార్డులో పసుపు కొమ్ము విరిచి చూడందే ధర కడతారా? ఇదీ అంతే. అడుగున అయస్కాంతానికి మెత్తటి ఇనప పొడి అంటుకుంటే భయం లేదు, అది వయసు. పసుప్పచ్చగా మెరిసే పొడి ఇత్తడి, అంటే సింక్రో రింగులు. గోటికి తగిలే పెచ్చులు వస్తే పళ్ళో బేరింగులో పగులుతున్నాయి. ఆయిలు చాయ్ రంగుకు తిరిగితే నీళ్ళు కలిశాయన్నమాట.

మాస్టారి కారు ఆయిలు అచ్చం చాయే.

ఇక్కడే నిర్ణయం తేలుతుంది. చెడు ఒకచోటే ఉందా, ఆయిలు దాన్ని అంతటా తిప్పిందా? గేరు లివరు కేబులో, ఆయిలు సీలో పోతే అది ఒకచోటి జబ్బు, ఆ ముక్క మారిస్తే చాలు. పెచ్చులో నీళ్ళో కలిస్తే అన్ని బేరింగులూ ఆ ఆయిల్లోనే తిరిగాయి. పాత అంబాసిడర్‌కు గేర్‌బాక్సు వేరు, వెనక ఇరుసు మీద డిఫరెన్షియల్ వేరు. ఒకదాని మురికి రెండోదాన్ని అంటదు. మారుతిలో రెండూ ఒకే పెట్టెలో, ఒకే ఆయిల్లో ఉంటాయి. ఒక్క బేరింగు మారిస్తే మిగతావి 3 నెలలకో 6 నెలలకో అదే మూలుగు మూలుగుతాయి. దించి ఎక్కించే కూలి మళ్ళీ ఇచ్చుకోవాలి.

మాస్టారు 7,000 వైపే మొగ్గారు. ఆ నెల మందుల ఖర్చు అలా ఉంది. తప్పనలేను. వారి భార్య లోపలి నుంచి అన్నారు: "అన్నా, పైసల ముచ్చట తర్వాత. నెక్కొండ దాటినంక బండి ఆగితే నన్ను ఎవలు తోల్కపోతరు?" ఆ మాటకు మేమిద్దరం జవాబు చెప్పలేకపోయాం.

మొత్తం విప్పించాం. బేరింగుల గుండ్ల మీద తుప్పు గుంటలు. గేర్ల పళ్ళు మాత్రం నున్నగా ఉన్నాయి. మెకానిక్కు గేర్లు కూడా మార్చాలని పట్టుబట్టాడు, నేను ఒప్పుకోలేదు. బాగున్నదాన్ని మార్చడం రిపేరు కాదు, వ్యాపారం. బేరింగులన్నీ, సీళ్ళన్నీ, అరిగిన 2వ గేరు సింక్రో రింగు మార్పించాం. 16,000 అయింది. 500 కిలోమీటర్ల తర్వాత ఆయిలు దింపించి చూశాం, శుభ్రంగా ఉంది. ఆ కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు నిండాక 2023లో 5 ఏళ్ళకు రెన్యువల్ అయింది. 2028 దాకా తిరగాల్సిన బండి. గడువు ఏడాదిలో తీరేదైతే, ఆసుపత్రి ప్రయాణాలు లేకపోతే, నేనే 7,000 పని చేయించి అమ్మేయమనేవాణ్ణి. పాత సామాను కొట్లో దొరికే సెకండ్‌హ్యాండ్ గేర్‌బాక్సు సంగతి అడుగుతారు. విప్పి చూపిస్తే కొనండి, లేకపోతే ఇంకొకరి జబ్బు కొని తెచ్చుకున్నట్టే.

ఆ కారులోంచి తీసిన బేరింగులు ఈ సంచిలో తెచ్చాను. చాయ్ తాగేటప్పుడు బల్ల మీద పెడతాను. వేలితో తిప్పి చూడండి, గరగర చేతికి తెలుస్తుంది.